కోరపన్ను మీద గడ్డ, పక్క పన్నులో జబ్బు: ఒక కేస్ స్టడీ

పై దవడలో ఎడమ కోరపన్ను మీద, చిగురులో చిన్న గడ్డ. ఎనిమిది నెలలుగా వస్తోంది, పోతోంది, మళ్లీ వస్తోంది. నొప్పి లేదు, జ్వరం లేదు, ముఖం వాయలేదు. నేను పళ్ల డాక్టర్ని. ఈ గడ్డతో నా దగ్గరికి వచ్చిన ఆమె వయసు 34. కదిరి వైపు నుంచి బెంగళూరు వచ్చి, మారతహళ్లి దగ్గర మున్నేకొళాలలో భర్తతో కలిసి కర్రీ పాయింట్ నడుపుతున్నారు. చుట్టుపక్కల పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లలే ఎక్కువగా కొంటారు. ఆమె ఒప్పుకున్నాకే, పేరు లేకుండా ఈ కేసు రాస్తున్నాను.

చిగురు మీద గడ్డ కనబడగానే క్యాన్సరేమో అని నిద్ర మానుకునేవాళ్లు ఉంటారు. నొప్పి లేదు కదా అని నెలల తరబడి వదిలేసేవాళ్లూ ఉంటారు. నాకు రెండోవాళ్ల గురించే ఎక్కువ బెంగ. నొప్పి లేకపోవడం గడ్డ విషయంలో మంచి వార్త కాదు, చెడ్డ వార్త కూడా కాదు. దాన్ని బట్టి ఏమీ తేల్చలేం. ఈ కేసులో అది స్పష్టంగా కనిపించింది.

ఆమె చెప్పింది

"రెండు దినాలుంటాది మేడం, పగిలిపోతాది. మళ్లీ పది పదైదు దినాలకి అక్కడే లేస్తాది. నొప్పేం లేదు" అన్నారు. మొదట ఉప్పునీళ్లు పుక్కిలించారు. తర్వాత మెడికల్ షాపులో చెప్పి మాత్రలు తెచ్చుకున్నారు. అట్టలు చూపించారు: ఒకసారి అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసినవి, ఇంకోసారి మెట్రోనిడజోల్, రెండూ యాంటీబయాటిక్‌లే. మాత్రలు వేసుకున్న వారం బాగుండేది, ఆపాక మళ్లీ మొదలయ్యేది. ఒకసారి విసుగొచ్చి సేఫ్టీ పిన్నుతో పొడుచుకున్నారు కూడా. కోరపన్ను పీకించుకుంటే పోతుందని తెలిసినవాళ్లు ఎవరో చెప్పారట. దానికి మాత్రం మనసు ఒప్పలేదు.

మరి ఇప్పుడెందుకు వచ్చారని అడిగాను. రుచి తెలియడం లేదన్నారు. పప్పులో ఉప్పు చూడబోతే నోరు ముందే ఉప్పగా ఉంటోంది. సరిపోయిందనుకుని తక్కువ వేస్తున్నారు. కూరలు చప్పగా ఉన్నాయని గిరాకీలు అనడం మొదలుపెట్టారు. చీము కారినప్పుడు నోట్లో ఉప్పగా, ఒక్కోసారి చేదుగా అనిపిస్తుంది. చాలామంది అది కడుపులో తేడా అనుకుంటారు. వంట చేసే మనిషి కాబట్టి ఆమెకు తేడా పట్టుబడింది.

ఇంకో కారణం ఆమె కాసేపయ్యాక, భర్త ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లినప్పుడు చెప్పారు. ఫోన్లో నోటి క్యాన్సర్ వీడియో చూశారు. అప్పటి నుంచి రాత్రిళ్లు నాలుకతో గడ్డను తడుముకుంటూ పడుకుంటున్నారు. టెన్షన్‌తో తిండి సరిగా పోవడం లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నోట్లో కనిపించింది

గడ్డ సుమారు 4 మిల్లీమీటర్లు ఉంది. పంటిని ఆనుకుని ఉండే చిగురు అంచు మీద కాదు, అంతకంటే పైన, పెదవి లోపలి మెత్తటి చర్మం మొదలయ్యే చోటికి దగ్గరగా ఉంది. ఎర్రగా, మధ్యలో పసుపు చుక్కతో. వేలితో మెల్లగా నొక్కితే చీము బొట్టు వచ్చింది. చుట్టూ చర్మం మెత్తగానే ఉంది. పుండు లేదు, తెల్లమచ్చ లేదు, గట్టిపడిన అంచు లేదు. దవడ కింద, మెడలో గ్రంథులు తడిమి చూశాను. గట్టిగా అంటుకుపోయినవేవీ తగల్లేదు.

గడ్డ ఎక్కడ లేచింది అన్నది చాలా చెబుతుంది. చిగురు అంచున, రెండు పళ్ల సందులో లేస్తే ముందుగా పాచి, గార, చిగురు జబ్బు వైపు చూస్తాం. ఎత్తులో, వేరు కొస ఉండే మట్టానికి దగ్గరగా లేస్తే పంటి లోపలి నరం చచ్చిపోయిందేమో అని చూస్తాం. ఇది తొలి అంచనా మాత్రమే, ఒక్కోసారి తలకిందులవుతుంది. అందుకే సన్నని కొలత పుల్లతో నాలుగైదు పళ్ల చుట్టూ చిగురు లోతు కొలిచాను. అంతటా 2 నుంచి 3 మిల్లీమీటర్లు, అంటే మామూలే. ఎక్కడైనా ఒకేచోట సన్నగా, లోతుగా పుల్ల దిగిపోతే వేరు నిలువునా చీలిందేమో అన్న అనుమానం వస్తుంది. అలాంటి పంటిని కాపాడటం చాలా కష్టం. ఇక్కడ అలా దిగలేదు.

కోరపన్ను శుభ్రంగా ఉంది. పుచ్చు లేదు, పాత ఫిల్లింగ్ లేదు. దాని ముందున్న పన్ను, అంటే మధ్య పన్నుకు పక్కది, కొంచెం బూడిద రంగులో ఉంది. ఆమె ఎప్పుడూ గమనించలేదట. పక్కపక్కనే పోల్చి చూస్తేనే తెలిసేంత తేడా.

"చిన్నప్పుడు ముఖానికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, బడిలో కబడ్డీ ఆడుతూ బోర్లా పడ్డానని, పెదవి చిట్లిందని, ఆ పన్ను కొన్నాళ్లు కదిలిందని చెప్పారు. అప్పుడు పన్నెండేళ్లు. పన్ను విరగలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పడినప్పుడు పైకి ఏమీ కాకపోయినా, వేరు కొస దగ్గర నరంలోకి వెళ్లే సన్నటి రక్తనాళాలు తెగిపోవచ్చు. నరం మెల్లగా చచ్చిపోతుంది. కొన్నిసార్లు ఏళ్ల తరబడి చప్పుడు చేయదు. తర్వాత ఎప్పుడో పంటిలోని సన్నని పగుళ్ల గుండా సూక్ష్మజీవులు చేరి, వేరు కొస దగ్గర ఎముకలో చీము పడుతుంది. పిల్లలు పడి ముందు పన్ను కదిలితే, విరగకపోయినా ఆ వారంలోనే చూపించి, తర్వాత కూడా అప్పుడప్పుడు ఎక్స్‌రే తీయించమని నేను ప్రతి తల్లిదండ్రులకూ చెబుతాను.

చల్లదనం పరీక్ష చేశాను. మందుతో గడ్డకట్టించిన దూది ఉండను పంటికి తాకిస్తే, బతికున్న పన్ను జివ్వుమంటుంది, తీయగానే తగ్గిపోతుంది. మధ్య పన్ను, కోరపన్ను, దాని వెనక పన్ను మూడూ జివ్వుమన్నాయి. బూడిద రంగు పన్ను పలకలేదు. ఒక్క పరీక్షను నమ్ముకోకూడదు కాబట్టి కరెంటు పరీక్ష కూడా చేశాను. ఫలితం అదే. తట్టి చూస్తే ఆ ఒక్క పంటికే కొద్దిగా తేడా తెలిసింది.

షుగర్, బీపీ చూశాం, మామూలుగా ఉన్నాయి. షుగర్ అదుపులో లేనివాళ్లకు చిగురులో చీము గడ్డలు ఒకటి తర్వాత ఒకటి లేస్తుంటాయి. కొన్నిసార్లు షుగర్ ఉందన్న సంగతే అలా బయటపడుతుంది. రోజూ వేసుకునే మందులేమీ లేవు. నెలసరి తేదీ అడిగాను, గర్భం కాదు.

దారి ఎటు పోతోంది

నేను ఎక్కువ సమయం పెట్టింది ఇక్కడే. గడ్డ కోరపన్ను మీద ఉంది. చచ్చిన లక్షణాలు పక్క పంటికి ఉన్నాయి. చీము ఎముకలో పుట్టి, సులువైన దారి వెతుక్కుంటూ బయటికి వస్తుంది. అది తేలిన చోటే పుట్టిన చోటు కానక్కర్లేదు. ఒకటి రెండు పళ్ల అవతల తేలడం కూడా చూస్తుంటాం. కాబట్టి గడ్డ ఏ పంటి మీదుంటే ఆ పంటిని పీకడం, దానికి రూట్ కెనాల్ మొదలుపెట్టడం చేయకూడదు.

దారి పట్టుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. గుట్టపర్చా అనే మెత్తటి, వంగే సన్నని పుల్లను గడ్డ మీది రంధ్రంలోంచి మెల్లగా లోపలికి జారనిస్తాం. రూట్ కెనాల్ తర్వాత వేరు నింపడానికి వాడేది అదే. ఎక్స్‌రేలో తెల్లగా కనబడుతుంది. ఆగిన చోట ఆపి, అలాగే ఎక్స్‌రే తీస్తాం. పైపూత మత్తు రాసి చేస్తే పెద్దగా తెలియదు. ఆమె కళ్లు గట్టిగా మూసుకున్నారు, అయ్యాక "ఇంతేనా" అన్నారు.

ఎక్స్‌రేలో తెల్ల గీత కోరపన్ను దగ్గర మొదలై, ఏటవాలుగా ముందుకు సాగి, బూడిద రంగు పంటి వేరు కొసన ఆగింది. అక్కడ ఎముకలో సుమారు 6 మిల్లీమీటర్ల నల్లటి ఖాళీ ఉంది. కోరపన్ను వేరు చుట్టూ ఉండాల్సిన సన్నని తెల్ల అంచు చెక్కుచెదరలేదు. నోట్లో అన్నిటికంటే పొడవైన వేరు ఉన్న, ఇంకా ఏళ్ల తరబడి పనికొచ్చే పన్ను అది.

ఎందుకలా వంకరగా తేలిందో ఆ పంటి ఆకారమే చెబుతుంది. పై దవడలో ఈ రెండో పంటి వేరు కొస తరచుగా వెనక్కి, అంటే కోరపన్ను వైపు వంగి ఉంటుంది. ఈమెకూ అలాగే ఉంది. ఇదే పంటికి అంగిలి వైపు పుట్టుకతో ఒక గాడి ఉండి, అది చిగురు లోపలికి దిగి చీము పట్టించడమూ జరుగుతుంది. ఆ గాడి ఉందేమో అని వెతికాను, లేదు.

రోగ నిర్ధారణ: పాత దెబ్బ వల్ల పై ఎడమ రెండో పంటి నరం చచ్చిపోయింది, వేరు కొస దగ్గర దీర్ఘకాలంగా చీము ఉంది, అది చిగురు మీదికి దారి చేసుకుంది.

నొప్పి ఎందుకు లేదని ఆమె అడిగారు. మీ కుక్కర్ విజిల్ లాంటిదే అన్నాను. ఆవిరి పోయే దారి ఉన్నంతసేపు కుక్కర్ నిమ్మళంగానే ఉంటుంది, లోపల మంట మాత్రం ఆగదు. ఎముకలో బిగుసుకున్న చీము భరించలేని నొప్పి పెడుతుంది. దారి దొరకగానే నొప్పి పోతుంది. దారి మూసుకుంటే మళ్లీ గడ్డ లేస్తుంది. ఈ ఎనిమిది నెలలూ ఎముక కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంది.

చికిత్స

యాంటీబయాటిక్ రాయలేదు. ఇది విని ఆమె కంటే భర్త ఎక్కువ ఆశ్చర్యపోయారు. చచ్చిన నరంలోకి రక్తం వెళ్లదు, రక్తం వెళ్లని చోటికి మాత్ర వెళ్లదు. చుట్టూ ఉన్న సూక్ష్మజీవులు కొన్ని చస్తాయి, వారం బాగుంటుంది, పుట్ట అలాగే మిగులుతుంది. జ్వరం, వ్యాపించే వాపు లేనప్పుడు, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు పంటి చికిత్స అందుబాటులో ఉంటే చాలావరకు యాంటీబయాటిక్ అక్కర్లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. మెడికల్ షాపు మాత్రలు ఆమెకు చేసిన చెరుపు డబ్బు దండగ ఒక్కటే కాదు. నయమవుతోందన్న భ్రమ ఎనిమిది నెలలు సాగింది.

గడ్డను కోయలేదు, కోయాల్సిన పనీ లేదు. పంటికి మత్తిచ్చి, రబ్బరు తెర కట్టి, వెనక వైపు నుంచి చిన్న రంధ్రం చేశాం. లోపల రక్తం లేదు, కుళ్లు వాసన వచ్చింది. వేరు పొడవు కొలిచి, వంకర తిరిగిన కొస దగ్గర సన్నని, వంగే ఫైళ్లతోనే శుభ్రం చేసి, సోడియం హైపోక్లోరైట్‌తో బాగా కడిగి, కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి తాత్కాలికంగా మూశాం.

రెండు వారాల తర్వాత వచ్చేసరికి గడ్డ లేదు. ఆ చోట చిన్న గులాబీ మచ్చ మాత్రం మిగిలింది. నోటిలో ఉప్పదనం నాలుగు రోజుల్లోనే పోయిందట. చీము దారి దానంతట అదే మూసుకుపోయిందంటే మూలం సరిగ్గా దొరికినట్టే. ఆ రోజే వేరును గుట్టపర్చాతో నింపి, వెనక రంధ్రాన్ని పంటి రంగు ఫిల్లింగ్‌తో మూసేశాం. దెబ్బ తప్ప పంటికి పుచ్చు లేదు, చాలా భాగం గట్టిగానే ఉంది కాబట్టి క్యాప్ వేయలేదు. రూట్ కెనాల్ అనగానే క్యాప్ తప్పదనుకుంటారు. నమిలే దవడ పళ్లకు చాలావరకు అవసరమే కానీ, ముందు పన్ను గట్టిగా మిగిలి ఉంటే అక్కర్లేదు.

ఖర్చు గురించి భయపడేవాళ్లకు ఒక మాట. ఫోర్ట్ దగ్గర విక్టోరియా ఆస్పత్రి ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఈ చికిత్సలన్నీ అక్కడ తక్కువలో చేస్తారు. ఎక్కువసార్లు తిరగాల్సి రావచ్చు, కానీ పని జరుగుతుంది. డబ్బు లేదని మంచి పన్ను పీకించుకోవద్దు.

ఆ గడ్డ ఇంకేమైనా అయి ఉంటే

ఆమె భయం ఊరికే తీసిపారేసేది కాదు. మన దేశంలో మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్ ముందు వరుసలో ఉంది. పొగాకును దవడకు, బుగ్గకు మధ్య పెట్టుకునే అలవాటు వల్ల చిగురు, బుగ్గ లోపలి భాగం ఎక్కువగా దెబ్బతింటాయి. చిగురు క్యాన్సర్ మొదట్లో తరచుగా నొప్పి పెట్టదు. చిగురు జబ్బులాగా, చీము గడ్డలాగా కనబడి మోసం చేస్తుంది. కదులుతున్న పంటిని పీకించుకుంటారు, ఆ గుంత మాత్రం మానదు. వారాలు గడిచినా మానకుండా, కండ పెరుగుతూ ఉండే గుంతను ఎవరైనా సరే అనుమానంగా చూడాలి.

ఈమె విషయంలో నాకు ధైర్యం ఇచ్చినవి ఏమిటంటే, గడ్డ వస్తూ పోతూ ఉండటం, చీము రావడం, చర్మం మెత్తగా ఉండటం, పొగాకు లేకపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా దారి చచ్చిన పంటి దగ్గర ఆగడం. అయినా చికిత్స తర్వాత గడ్డ మూసుకోకపోతే ముక్క తీసి పరీక్షకు పంపుతానని ముందే చెప్పాను. ఒకచోటే ఉండిపోయి పెరుగుతున్న గడ్డ, తాకితే గట్టిగా తగిలేది, పైన పుండు పడి అంచులు లేచినది, ఎర్రమచ్చ తెల్లమచ్చలతో ఉన్నది, కారణం లేకుండా పళ్లు కదలడం, కింది పెదవి మొద్దుబారడం, మెడలో గట్టి గడ్డ. వీటిలో ఏది ఉన్నా ఆగకూడదు. ఇవేవీ లేకపోయినా, నోట్లో ఏ గడ్డ గానీ పుండు గానీ రెండు వారాలు దాటి ఉంటే పళ్ల డాక్టరుకు చూపించాలి. బయాప్సీ, అంటే ముక్క తీసి చేసే పరీక్ష, అవసరమైతే నగరంలో కిద్వాయ్ క్యాన్సర్ సంస్థ ఉంది. చాలా డెంటల్ కాలేజీల్లోనూ చేస్తారు. ముక్క తీస్తే జబ్బు పాకిపోతుందన్న భయం మన ఊళ్లలో ఇంకా ఉంది. అది నిజం కాదు. ఆ భయంతో చేసే ఆలస్యమే జబ్బును ముదరనిస్తుంది.

గర్భిణులకు నాలుగో ఐదో నెలలో చిగురు అంచున ఎర్రగా, బ్రష్ తగిలితే చాలు రక్తం కారే గడ్డ లేవవచ్చు. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ క్యాన్సర్ కాదు. హార్మోన్లు, పాచి కలిసి తెచ్చేది. శుభ్రం చేయించుకుంటూ ఉంటే కాన్పు తర్వాత చాలావరకు తగ్గిపోతుంది. బీపీకి ఆమ్లోడిపిన్, మూర్ఛకు ఫెనిటోయిన్ వేసుకునేవాళ్లలో కొందరికి పళ్ల సందుల్లో చిగురు ఉబ్బి పైకి పెరుగుతుంది. మందు మాత్రం సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. అంగిలి మధ్యలోనో, కింది దవడ లోపలి వైపు రెండు పక్కలానో రాయిలా గట్టిగా తగిలేది చాలాసార్లు సహజంగా పెరిగిన ఎముకే, మామూలుగా ఏమీ చేయక్కర్లేదు. చిగుళ్లన్నీ ఒక్కసారిగా ఉబ్బి, రక్తం కారుతూ, మనిషి పాలిపోయి జ్వరంగా ఉంటే, పళ్లు శుభ్రం చేసే స్కేలింగ్ కంటే ముందు రక్త పరీక్ష చేయించాలి. రక్త క్యాన్సర్ కొన్నిసార్లు ముందుగా చిగుళ్లలోనే కనబడుతుంది.

ఇంకోటి గట్టిగా చెప్పాలి. చిగురు మీద కండ పెరిగి దాన్ని కోసి తీసేస్తే, ఆ ముక్క ల్యాబ్‌కు వెళ్లాలి. కంటికి ఒకేలా కనిపించే గడ్డలు మైక్రోస్కోపు కింద నాలుగు రకాలుగా ఉంటాయి. కొన్ని మళ్లీ వచ్చే రకం, మూలం దాకా తీయాలి. ముక్క పంపారా, రిపోర్టు ఎప్పుడొస్తుంది అని అడగడం రోగి హక్కు. మొహమాటపడొద్దు.

కొన్నిటికి మాత్రం రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగకూడదు. పై పంటి చీము కంటి దాకా వాపు తెచ్చి కన్ను మూసుకుపోతుంటే, దవడ కింద గట్టిగా వాచి మింగడం, నోరు తెరవడం, ఊపిరి తీయడం కష్టమవుతుంటే, జ్వరంతో వణుకు వస్తుంటే, క్లినిక్ తెరిచేదాకా చూడకుండా పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఈమెకు దారి మూసుకుపోయి ఉంటే వాపు పాకే వైపు కూడా కన్నే.

భర్త

రెండోసారి వచ్చినప్పుడు ఆయన్నీ కుర్చీలో కూర్చోమన్నాను. కింది పెదవి లోపల ఖైనీ పెట్టుకునే అలవాటుందని ఆమె చెప్పారు. సరిగ్గా ఆ చోటే చర్మం తెల్లగా ముడతలు పడి ఉంది. గడ్డ లేదు, పుండు లేదు. మానేస్తే చాలామందిలో ఇలాంటి మార్పు కొన్ని వారాల్లో వెనక్కి తగ్గుతుంది. తగ్గకపోతే ముక్క తీసి చూడాలి. పొగాకు మానడానికి ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ ఉచిత క్విట్‌లైన్ నంబరు 1800 11 2356 రాసిచ్చాను. తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. ఒక్కరోజులో కాలేదు, మధ్యలో మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ ఆపారు. మచ్చ ఇప్పుడు బాగా పలచబడింది. పూర్తిగా పోయేదాకా చూస్తూనే ఉంటాను.

తర్వాత

మూడు నెలల ఎక్స్‌రేలో పెద్ద మార్పు లేదు. అది మామూలే, ఎముక నిండటానికి టైం పడుతుంది. ఆరు నెలలకు నల్లటి ఖాళీ సగానికి తగ్గింది. ఏడాదికి వేరు కొస దగ్గర సన్నని గీత మాత్రం మిగిలింది. గడ్డ మళ్లీ రాలేదు. కోరపన్ను చల్లదనం పరీక్షకు ఎప్పటిలాగే జివ్వుమంటోంది. రెండో ఏడాది ఇంకో ఎక్స్‌రే తీస్తాం. పంటి బూడిద రంగు పోగొట్టడానికి లోపల మందు పెట్టి తెల్లబరచవచ్చని చెప్పాను. కర్రీ పాయింట్ పక్క వీధికి మారుతోందని, ఆ ఖర్చులయ్యాక చేయించుకుంటానని అన్నారు. తొందరేమీ లేదు.